దిగే మెట్లు లెక్కలోకి రావు

అద్దె ఇల్లు మాట్లాడుకునేటప్పుడు ఆమె ఫోన్లో ఇంటాయనను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. రోడ్డు మీది నుంచి ఇంట్లోకి వెళ్ళడానికి ఎన్ని మెట్లు ఎక్కాలి?

"ఎక్కడమా? ఒక్కటి కూడా లేదమ్మా."

"మా నాన్నకి మోకాలు ఆపరేషన్ అయిందండీ. అందుకని మళ్ళీ అడుగుతున్నా."

"ఎన్నిసార్లడిగినా అదేనమ్మా. బస్సు దిగితే చాలు, నేరుగా ఇంట్లోకే."

ఇంటాయన అబద్ధం చెప్పలేదు. బస్సు దిగినచోట రోడ్డు పిట్టగోడకు ఒక సందు ఉంది. ఆ సందులోంచి మెట్లు కిందికి పోతాయి. ఎనభై నాలుగు. ఆఖరి మెట్టు దగ్గర ఇంటి తలుపు. ఎక్కేది ఒక్కటి కూడా లేదు.

ఆమె మునిసిపల్ ఆఫీసులో మ్యాపులు గీసే ఉద్యోగి. కింద మైదానంలోని ఊరి నుంచి ఈ కొండమీది ఊరికి బదిలీ అయింది. వాళ్ళ నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు ఒక ఎనిమిదంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపి రిటైరయ్యాడు. కుడి మోకాలికి ఆపరేషన్ జరిగి అప్పటికి మూడు వారాలు.

సామాను వచ్చిన రోజు ఆయన ఆ మెట్లు దిగడానికి నలభై నిమిషాలు పట్టింది. దిగేటప్పుడు చెడ్డకాలు ముందు, ఎక్కేటప్పుడు మంచికాలు ముందు అని పాత ఆస్పత్రిలో నేర్పారు. చేతికర్ర, చెడ్డకాలు, మంచికాలు. మళ్ళీ చేతికర్ర. కిందికి చేరాక వెనక్కి తిరిగి మెట్ల వైపు చూశాడు.

"ఎన్నో అంతస్తమ్మాయ్ ఇది?"

"రెండోదట నాన్నా."

"ఎటు నుంచి?"

ఈ ఊళ్ళో రోడ్డు వారన ఉన్న ఇళ్ళ వరస మొదటి అంతస్తు. దాని కింది వరస రెండోది.

"నేలకి కింద రెండో అంతస్తంటే మా బిల్డింగులో జనరేటరుండేది," అన్నాడాయన. "సరే పద. మోత పెట్టకుండా ఉంటాలే."

ఇంట్లో రెండు గదులు, ఒక వంటిల్లు. ముందు గదిలోకి ఎండ పదకొండుంబావుకు వచ్చి ఒంటిగంటన్నరకు పోయేది. వెనక గదిలోకి వచ్చేది కాదు. వెనక గదికి ఇంకో తలుపు ఉంది. మొదటి రోజే ఆమె గడియ తీసి చూసింది. అవతల ఎవరిదో డాబా. తీగ మీద నాలుగు జాకెట్లు ఆరుతున్నాయి. ఒక కుర్చీ, దాని మీద సగం ఒలిచిన వెల్లుల్లి. పరాయివాళ్ళ ఇంట్లోకి తొంగిచూసినట్టు అనిపించి వెంటనే మూసేసింది. తలుపు సందుల్లోంచి చలిగాలి కొడుతుంటే న్యూస్‌పేపర్ ముక్కలు మైదాజిగురుతో అంటించింది. ఆ గదిలో చెమ్మ లేనిది ఆ ఒక్క వైపే కాబట్టి నాన్న మంచం ఆ తలుపుకే ఆనించి వేసింది.

కాలు వంచే వ్యాయామం ఇంట్లో చేసుకుంటే సరిపోదు. వారానికోసారి, బుధవారం పదింటికి, ఇక్కడి ఆస్పత్రిలో ఫిజియో దగ్గరికి వెళ్ళాలి. మోకాలు ఆరు వారాలలోపు తొంభై డిగ్రీలు వంగాలి. వంగకపోతే బిగుసుకుపోతుంది.

మొదటి బుధవారం ఎనిమిదిన్నరకు బయలుదేరారు. మంచికాలు, చెడ్డకాలు, చేతికర్ర. పన్నెండు మెట్లకొకసారి ఆగారు. ఎత్తు మీది గాలి ఊపిరికి సరిపోయేది కాదు. మోకాలి నొప్పి ఒకవైపు, ఆయాసం ఒకవైపు. పక్కింటి కిటికీలో పళ్ళు తోముకుంటున్న ఒకాయన "మెల్లగా, మెల్లగా" అని నురగ నోటితోనే ధైర్యం చెప్పాడు. రోడ్డెక్కేసరికి పదింబావు. తొమ్మిదిన్నర బస్సు ఎప్పుడో పోయింది. తర్వాతిది పదిన్నరకు. ఆస్పత్రికి చేరేసరికి వీళ్ళ సమయంలో ఇంకెవరో ఉన్నారు.

రెండో బుధవారం ఏడున్నరకే మొదలుపెట్టారు. యాభై ఒకటో మెట్టు దగ్గర ఆయన కూర్చుండిపోయాడు. మోకాలు పొంగి కట్టు బిగుసుకుంది. పైకి ముప్పై మూడు, కిందికి యాభై ఒకటి. దిగడమే తేలికని దిగిపోయారు.

"ముప్పై ఒక్క ఏళ్ళు జనాన్ని పైకీ కిందికీ తిప్పాను," అన్నాడు మంచం మీద కాలు చాపుకుని. "ఒక్కడు, ఒకే ఒక్కడు, వచ్చి నన్ను తిప్పితే చాలు."

ఆమె ఆస్పత్రికి ఫోన్ చేసింది. మూడోసారి కూడా రాకపోతే పేరు తీసేస్తామని కౌంటర్లో అమ్మాయి చెప్పింది. మళ్ళీ వరసలోకి రావడానికి నాలుగు నెలలు పడుతుందట.

"నాలుగు నెలలకి మోకాలు కర్రయిపోదా అండీ?"

"అది డాక్టర్ని అడగాలి మేడమ్."

"డాక్టర్ని కలపండి మరి."

"బుధవారం పదింటికి రండి, కలవొచ్చు."

ఆమె ఇంటాయనకు ఫోన్ చేసింది. మోసం చేశారన్నది. ఆయన నొచ్చుకున్నాడు. "మెట్లెక్కడున్నాయమ్మా ఆ ఇంటికి?" అన్నాడు. ఆయనకు ఆమె బాధ అర్థం కాలేదు. ఆయన అమాయకత్వం ఆమెకు అంతుపట్టలేదు. ఆరు నిమిషాలు మాట్లాడుకుని పెట్టేశారు.

ఆఫీసులో ఇంకో పని నెత్తిన పడింది. ఏటా ఊళ్ళోకి కొత్తగా వచ్చేవాళ్ళు పెరుగుతున్నారనీ, వాళ్ళు తెలుసుకోవలసిన విషయాలు ఒక పేజీలో అచ్చువేసి పంచాలనీ పైనుంచి ఉత్తరం వచ్చింది. సూపరింటెండెంటు ఆ ఊళ్ళోనే పుట్టినవాడు. ఉత్తరం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"నువ్వే రాయాలి. మాకేం తెలుస్తుంది కొత్తవాళ్ళ బాధ?"

ఆమె రాసింది. నీళ్ళు త్వరగా మరుగుతాయి కానీ బియ్యం ఉడకవు, కుక్కర్ తెచ్చుకోండి. ఇల్లు చూసేటప్పుడు చలికాలంలో ఎండ ఏ గదిలో పడుతుందో అడగండి. బట్టలు గోడకు ఆనించి పెట్టకండి, బూజు పడతాయి. మంచు కమ్మిన రోజు బస్సు రాదు, రాదని ఎవరూ చెప్పరు. గ్యాస్ బండ రోడ్డు దాకానే వస్తుంది.

సూపరింటెండెంటు ఎర్రపెన్నుతో కూర్చున్నాడు.

"బియ్యం సంగతి తీసెయ్. ఇది తెలీనివాళ్ళుంటారా?"

"నాకు తెలీదు సార్. మూడు రోజులు పలుకన్నం తిన్నాం."

"బస్సు రాదని ఎవరో చెప్పడమేంటి? కిటికీలోంచి చూస్తే మంచు కనబడదా?"

"మంచు కనబడుతుంది సార్. బస్సు రాదని కనబడదు."

"అదే కదా మంచంటే," అన్నాడాయన, ఆ వాక్యం కొట్టేసి.

వారం రోజుల్లో ఆ పేజీ నాలుగుసార్లు ఆయన బల్లకు వెళ్ళి నాలుగుసార్లు తిరిగొచ్చింది. వచ్చిన ప్రతిసారీ చిక్కిపోయి వచ్చింది. చివరికి మిగిలినవి చెత్తబండి వచ్చే వేళలు, ఆఫీసు ఫోన్ నంబర్లు.

మూడో బుధవారానికి ముందురోజు, మంగళవారం మధ్యాహ్నం, ఆమె ఒక వాక్యం కలిపి ఐదోసారి ఇచ్చింది. ఇల్లు రోడ్డుకు కింద ఉంటే, తిరిగి రోడ్డెక్కడానికి ఎన్ని మెట్లో ముందే అడగండి.

సూపరింటెండెంటు పెన్ను ఎత్తి ఆగాడు.

"ఎక్కేదెవరు?"

"ఇంట్లోవాళ్ళు. నేను రోజూ ఎక్కుతున్నా సార్. ఎనభై నాలుగు."

"ఎందుకు?"

"ఆఫీసుకి రావడానికి."

ఆయన కళ్ళజోడు తీశాడు. పక్క బల్ల దగ్గర పన్నులు చూసే ఆవిడ చెయ్యి ఆపింది.

"పొద్దున్నే పైకెక్కి వస్తున్నావా? కిందికి దిగవా?"

"కిందికెందుకు దిగుతాను సార్? బస్సు పైన కదా."

"బస్సు కింద కూడా అమ్మా. అదే రోడ్డు, మెలిక తిరిగి మీ ఇళ్ళ కింద నుంచే పోతుంది. కిందికి దిగి బస్సెక్కుతావు. సాయంత్రం పైన దిగి ఇంటికి దిగుతావు. ఎక్కేది బస్సు. మనమెందుకెక్కడం?"

"ఈ ఊళ్ళో ఎవరూ ఎక్కరు," అంది పన్నులావిడ. "మా అత్తగారికి డెబ్బై తొమ్మిది. పెళ్ళయి వచ్చినప్పట్నుంచి ఒక్క మెట్టెక్కలేదు."

మ్యాపు ఆమె ఎదురుగానే ఉంది. పద్నాలుగో షీటు. పై మెలిక, కింది మెలిక, రెండూ ఆమె సొంత చేతులతో ఇంకుపెట్టినవే. కాగితం మీద వాటి మధ్య దూరం బెత్తెడు. ఆ బెత్తెడులో గళ్ళు గళ్ళుగా ఇళ్ళు. మెట్లు గీయలేదు. సొంత స్థలాల్లోని మెట్లు మ్యాపులో గీయరు.

"మధ్యలో ఇళ్ళున్నాయి కదా సార్. దారేది?"

"ఇళ్ళలోంచే. వెనక తలుపు తీస్తే కిందివాళ్ళ డాబా. వాళ్ళ పక్కనుంచి మెట్లు. నీ ఇంటికి వెనక తలుపు లేదూ?"

పన్నులావిడ నవ్వాపుకోలేక ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

సూపరింటెండెంటు ఆ వాక్యం కొట్టేశాడు. "ఎవరూ ఎక్కనప్పుడు లెక్కెందుకు?"

"అయితే ఇంకోటి రాస్తాను సార్. వెనక తలుపులోంచి దిగాలి అని."

"ఇల్లు అద్దెకు తీసుకున్నవాడికి ఇంటి తలుపెక్కడుందో మునిసిపాలిటీ చెప్పాలా? నవ్వుతారమ్మాయ్." ఆయన సంతకం చేసి పేజీని అచ్చుకు పంపాడు.

సాయంత్రం ఆమె పైన బస్సు దిగి, ఎనభై నాలుగు దిగి, నాన్నను లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. మంచం పక్కకు లాగింది. న్యూస్‌పేపర్ ముక్కలు గోటితో గీకి తలుపు తీసింది. తీగ మీద ఈసారి పిల్లల గౌన్లు ఉన్నాయి. కుర్చీలో కింది ఇంటి టైలరమ్మ కూర్చుని గుండీలు కుడుతోంది.

"వచ్చావా," అంది టైలరమ్మ, రోజూ చూసే మనిషితో అన్నట్టు.

"అక్కా, ఇక్కణ్ణుంచి కింది రోడ్డుకి దారుందా?"

"లేకపోవడమేంటి. నాతో కలిపి పదకొండిళ్ళవాళ్ళు ఇటే దిగుతారు. మీ ఇంట్లో అంతకుముందున్న మాస్టారు కుటుంబం కూడా ఇటే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదుగా."

"రెండు వారాల పైనుంచి చూస్తున్నారు కదక్కా, పొద్దున్నే పైకెక్కుతున్నానని."

"చూస్తూనే ఉన్నా. ఒంటికి మంచిదని ఎక్కుతున్నావనుకున్నా. మైదానం వాళ్ళకి అలాంటి పిచ్చిలుంటాయిగా. మా ఆయనకి నిన్నే చూపించి, ఆ పిల్లని చూసి సిగ్గు తెచ్చుకో, పొట్ట తగ్గించుకో అని రోజూ దెప్పుతున్నా."

"మా నాన్నని కూడా ఎక్కించాను."

"అవును, అదే అనుకున్నాం. ఆపరేషనైన మనిషిని కూడా వదలట్లేదే, ఎంత కఠినురాలో అని." టైలరమ్మ దారం పళ్ళతో తెంపింది. "తలుపు మూసేసి కాగితాలంటించుకున్నావు. మేమంటే పడదేమోనని ఊరుకున్నాం."

కుర్చీలో ఉన్న లిఫ్టాయన ఇదంతా విన్నాడు. ఆమె లోపలికి వచ్చేదాకా ఆగాడు.

"అంటే నేనిన్నాళ్ళూ తలుపుకే చేరబడి పడుకున్నానన్నమాట."

"నాన్నా, ఇప్పుడేం అనకు."

"నేనేమంటున్నా. లిఫ్టు తలుపు దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్నవాణ్ణి. ఎక్కడ కూర్చున్నా అక్కడికే చేరతాను."

ఆమె నవ్వలేదు. కింది రోడ్డు వరకు వెళ్ళి మెట్లు లెక్కపెట్టి వచ్చింది. టైలరమ్మ డాబాకు ఆరు. డాబా నుంచి రోడ్డు దాకా అరవై మూడు. కమ్మీ ఉంది, కుడివైపు. ఒకచోట ఎవరి వంటింట్లోంచో రెండడుగులు నడవాలి.

బుధవారం ఎనిమిదిన్నరకు బయలుదేరారు. చేతికర్ర, చెడ్డకాలు, మంచికాలు. ఆ వంటింట్లో ముసలావిడ పాలగిన్నె పక్కకు జరిపి దారి ఇచ్చింది. కాలు గురించి అడిగింది. చెప్పేదాకా కదలనివ్వలేదు. అరవై తొమ్మిది మెట్లకు ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. తొమ్మిదింబావు బస్సు అందింది. మెలిక తిరిగి పై రోడ్డుకొచ్చినప్పుడు పిట్టగోడ సందు కిటికీలోంచి కనబడింది. ఇద్దరూ అటు చూశారు.

ఆస్పత్రిలో ఫిజియో డాక్టరమ్మ పదింటికి పిలిచింది. ఆమెది ఈ ఊరే. బల్ల మీద పడుకోబెట్టి, మడమ పట్టుకుని మోకాలు వంచింది. ఆయన బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. డాక్టరమ్మ కొలబద్ద పెట్టి చూసింది.

"అరవై రెండు," అంది. "ఆరో వారం ఇది. ఈపాటికి తొంభై రావాలి. వాపు కూడా ఉంది. ఇప్పుడిక్కణ్ణుంచి తెచ్చుకోవడం చాలా కష్టం. ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

కూతురు నోరు తెరిచింది.

"ఎక్కాం," అన్నాడు తండ్రి.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఫైలు తెరిచి మిగిలిన గళ్ళు నింపడం మొదలుపెట్టింది. వయసు, బరువు, ఏ కాలు.

"ఇంటికి మెట్లున్నాయా?"

ఆయన కూతురి వైపు ఒకసారి చూశాడు.

"ఎక్కేవి ఒక్కటి కూడా లేవమ్మా."

డాక్టరమ్మ తల ఊపి, ఆ గడిలో సున్నా వేసింది.