బట్టీకీ బల్లకీ మధ్య గోడ

బస్సు ఊరి పొలిమేర దాటకముందే తోడికోడళ్ళిద్దరికీ మాటలు ఆగిపోయాయి. కారణం ఒక గోడ.

ఆ గోడ వాళ్ళ రొట్టెల దుకాణంలో ఉంది. గోడకు ఇవతల అమ్మకం బల్ల, అవతల బట్టీ. బల్ల చిన్నకోడలిది, బట్టీ పెద్దకోడలిది. ఇద్దరూ ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ పంపకం అదే. పెద్దకోడలు చీకటి ఉండగానే లేచి పిండి కలిపి, రొట్టెలూ బన్నులూ కాల్చి, గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి ట్రే జరుపుతుంది. చిన్నకోడలు అందుకుని అమ్ముతుంది. ఖాళీ అయిన ట్రే మళ్ళీ అదే కిటికీలోంచి లోపలికి వెళుతుంది.

ఇప్పుడు దుకాణానికి మరమ్మతులు మొదలయ్యాయి. గోడ కొట్టేస్తే వెలుతురు వస్తుందనీ, బట్టీలోంచి రొట్టె పొగలు కక్కుతూ బయటికి రావడం జనం చూస్తే కొనకుండా పోలేరనీ చిన్నకోడలు అంటుంది. ఒళ్ళంతా పిండితో, నెత్తికి గుడ్డ చుట్టుకుని, పిశాచంలా ఉండే తనను ఊరంతా చూడనక్కర్లేదని పెద్దకోడలు అంటుంది. అన్నదమ్ములిద్దరూ గోడ మీద పిల్లుల్లా కూర్చున్నారు. పెద్దకోడలు ఊ అంటే తప్ప గోడ మీద సుత్తి పడదని తేలింది. తాపీమేస్త్రీ గోడ మీద సుద్దముక్కతో పెద్ద గీత గీసి, "రేపు పొద్దున్నే పని మొదలెట్టాలి. ఉంచాలో కొట్టాలో సాయంత్రంకల్లా ఫోన్ చెయ్యండమ్మా" అని చెప్పి వెళ్ళాడు.

"పట్నం వెళ్ళి నాలుగు దుకాణాలు చూసొద్దాం అక్కా. ఒక అందమైన ఇల్లు కూడా ఉందట, టికెట్టు కొంటే చూపిస్తారట. అన్నీ చూశాక నువ్వే ఊ అంటావు" అంది చిన్నకోడలు.

"చూడటానికి రమ్మంటే వస్తాను. ఊ కొట్టడానికి రమ్మంటే రాను" అంది పెద్దకోడలు. అలా అన్నా, వచ్చింది. వచ్చి కిటికీ పక్క సీట్లో కూర్చుని మూతి ముడుచుకుంది.

పట్నంలో మొదట వెళ్ళింది పేరున్న రొట్టెల దుకాణానికి. అక్కడ బట్టీకీ జనానికీ మధ్య నిలువెత్తు అద్దం ఉంది. అద్దం వెనక తెల్లటోపీ పెట్టుకున్న ఒకతను పిండి పిసుకుతున్నాడు. చూసేవాళ్ళు అద్దానికి ముక్కులు ఆనించి మరీ చూస్తున్నారు.

"ఎలా ఉందక్కా?" అంది చిన్నకోడలు మెల్లగా.

"పాపం, తొట్టిలో చేపలా ఉన్నాడు. ముక్కు దురద పెడితే గోక్కునే దారి కూడా లేదు."

ఆమె అలా అంటుండగానే అతను మోచెయ్యి పైకెత్తి భుజానికి ముక్కు రుద్దుకున్నాడు.

"చూశావా!" అని పెద్దకోడలు ఎంత గట్టిగా అందంటే, వరసలో నిలబడ్డవాళ్ళంతా వెనక్కి తిరిగారు.

అయినా రొట్టె దగ్గర మాత్రం ఆమె అన్యాయం మాట్లాడలేదు. కొన్న రొట్టెను చెవి దగ్గర పెట్టుకుని నొక్కింది. పైపెంకు చిటపటమంది. తుంచి వాసన చూసి, నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలింది. "మంచి చెయ్యి. ఇతన్ని కన్నతల్లి అదృష్టవంతురాలు. గోడ సంగతి వేరు" అంది.

తరువాత ఒక బిస్కెట్ల కొట్టుకు వెళ్ళారు. ఆ కొట్టు అగ్గిపెట్టెంత ఉన్నా అరలు మాత్రం కప్పు దాకా ఉన్నాయి. రంగురంగుల డబ్బాలు. ఏ డబ్బా అడిగినా కొట్టాయన నిచ్చెన వేసుకుని ఉడతలా ఎక్కి దిగుతున్నాడు. ఆ డబ్బాల వరసనూ, పొట్లానికి కట్టే పసుపు దారాన్నీ చూసి చిన్నకోడలు మురిసిపోయింది. పెద్దకోడలు మాత్రం అన్నిటికన్నా పైనున్న డబ్బా చూపించింది. అతను దిగాక, అది కాదు, ఆ చివరనున్నది అంది.

"ఇంకేమైనా కావాలామ్మా?" అన్నాడతను రొప్పుతూ.

"వద్దు బాబూ, నీకు మోకాళ్ళ నొప్పులు లేవని తెలిసింది, చాలు."

బయటికొచ్చి ఇద్దరూ పడీ పడీ నవ్వారు. పొద్దుటి నుంచీ బిగుసుకున్నది కాస్త వదులైంది.

అందమైన సామాన్లు అమ్మే పెద్ద డిజైన్ స్టోర్‌కు వెళ్ళేసరికి చిన్నకోడలికి కాళ్ళు నేల మీద నిలవలేదు. దీపాలు, బుట్టలు, మట్టిరంగు గిన్నెలు, తలుపు పిడులు కూడా ఆమెకు ముద్దొచ్చాయి. ఒకచోట ఒక్క చెక్క గరిటెను గోడకు తగిలించి, దాని మీదకు చిన్న దీపం వెలుగు పడేటట్టు పెట్టారు. పెద్దకోడలు నడుం మీద చేతులు పెట్టుకుని దాని ముందు నిలబడింది.

"ఈ సంగతి మన గరిటెకు తెలిసిందంటే రేపటి నుంచి పనిలోకి రాదే."

"మెల్లగా అక్కా, వింటారు."

"విననీ. వాళ్ళ గరిటెనే కదా పొగుడుతున్నా."

అక్కడే ఆమెకు పిండి వత్తే కర్ర ఒకటి నచ్చింది. చేతిలోకి తీసుకోగానే అరచేతికి అతికినట్టు కూర్చుంది. కాగితంలో చుట్టిస్తామంటే వద్దని, అలాగే చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. దారిలో ఎదురైనవాళ్ళు కొంచెం పక్కకు తప్పుకుని నడిచారు.

అందమైన ఇల్లు ఆ వీధి చివర ఉంది. ఇల్లు గీసి కట్టించినాయనా, ఆయన భార్యా అందులోనే కాపురం ఉంటారు. వారంలో ఒకరోజు మాత్రం టికెట్టు మీద లోపలికి రానిస్తారు. ముందు తలుపు దగ్గర జనం బారు తీరి ఉన్నారు. వీధి మొదట్లోనే టికెట్లు కొన్న చిన్నకోడలు, స్టోర్‌లో ఇచ్చిన దీపాల బొమ్మల కాగితాలు చూసుకుంటూ అక్క వెనకాలే నడుస్తోంది. పెద్దకోడలు ఆ బారు దగ్గర ఆగకుండా, పక్కసందులోకి తిరిగి, ఇంటి వెనక్కి వెళ్ళి తలుపు తోసింది. ఇందులో ఆమె ఆలోచించిందేమీ లేదు. రొట్టెలు ఇచ్చేవాళ్ళు ఎవరింటికైనా వెనక తలుపు నుంచే వెళతారు. పుట్టింటికి వెళ్ళినా ఆమె కాళ్ళు అటే తిరుగుతాయి.

లోపల వంటిల్లు. నడిమధ్య పొడవాటి రాతిబల్ల, పక్కన బట్టీ, ఎదురుగా ఇంటి హాలు. రెంటికీ మధ్య అడ్డమన్నదే లేదు. బల్ల దగ్గర ఒకావిడ మోచేతుల దాకా పిండి పూసుకుని, ఏడవడానికి సిద్ధంగా ఉంది.

"అమ్మయ్య, వచ్చారా!" అంది ఆవిడ, పెద్దకోడలి చేతిలోని కర్ర చూసి. "ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళకి ఈరోజు వేడి బన్నులు పెడదామని ఆశపడ్డా. పిండి కలిపి ఉంచండి, మేమొచ్చి కాలుస్తాం అన్నారు కదా మీవాళ్ళు. కలిపా. ఇదిగో, ఇలా అయింది!"

పిండి గిన్నె అంచులు దాటి, బల్ల మీదికి జారి, బల్ల చివరి దాకా ప్రయాణం చేసింది. మేము ఆ మనుషులం కాదమ్మా అని చెప్పడానికి పెద్దకోడలు నోరు తెరిచింది. ఆ క్షణంలోనే పిండి అంచు నేల వైపు వాలింది. ఆమె నోరు మూసుకుని రెండు చేతులూ చాచి పిండిని పట్టుకుంది.

అంతే. గుమ్మంలో నిలబడ్డ చిన్నకోడలు, "అక్కా, మనం టికెట్టు కొనుక్కుని వచ్చాం" అంది దీనంగా.

"ఊరుకోవే. ఇక్కడ పిండి ప్రాణం పోతుంటే నీ టికెట్టు గోలేంటి? చేతులు కడుక్కుని ఆ వెన్న ఇలా తే."

"నాకు వెన్న అమ్మడం తెలుసు గానీ పూయడం తెలీదు."

"అమ్మేటప్పుడు నోటితో పూస్తావు కదా, ఇప్పుడు చేత్తో పూయి."

ఇంటావిడ ఏడుపు మరిచిపోయి నవ్వింది. పెద్దకోడలు పిండిని అణిచి, ముద్దలు తుంచి, గుండ్రంగా చుట్టి ట్రేలో పేర్చింది. కాసేపు తడిగుడ్డ కింద ఉంచింది. అవి మళ్ళీ బుగ్గలు పూరించాక బట్టీలోకి తోసింది. ఈలోపు జనం మేడ మీది గదులు చూసి ఒక్కొక్కరే కిందికి దిగుతున్నారు. వాసన వాళ్ళను ముక్కు పట్టుకుని లాక్కొచ్చినట్టు నేరుగా వంటింట్లోకి వచ్చి బల్ల చుట్టూ చేరారు.

మొదటి ట్రే బయటికి వచ్చింది. పెద్దకోడలు ట్రే పట్టుకుని అలవాటు కొద్దీ గోడ వైపు తిరిగి చేతులు చాచింది. అక్కడ కిటికీ లేదు. గోడే లేదు. ట్రేకు అవతల మనుషులున్నారు.

మేడ మెట్లు ఎక్కినందుకు అప్పటిదాకా సణుగుతున్న ఒక పెద్దాయన బన్ను కొరికాడు. సణుగుడు మధ్యలో ఆగింది. కళ్ళు మూసుకున్నాడు. కనుబొమ్మలు మాత్రం పైకి లేచి అక్కడే ఉండిపోయాయి. కళ్ళద్దాల పిల్ల ఒకతి బన్ను నెత్తి తీసి పక్కన పెట్టి, లోపలి మెత్తదనమంతా తిని, చివరికి ఆ నెత్తిని భద్రంగా నోట్లో పెట్టుకుంది. ఒకావిడ నాలుక కాల్చుకుని, అబ్బా అని, చల్లారేదాకా ఆగకుండా మళ్ళీ కొరికింది. భార్యాభర్తలిద్దరు ఒకే బన్ను తుంచుకున్నారు. పెద్ద ముక్క ఎవరికి వచ్చిందో ఇద్దరూ ఓరకంట చూసుకున్నారు.

పెద్దకోడలు రెండో ట్రే సంగతే మరిచిపోయి చూస్తోంది.

"ఏమే, ఇలా తింటారా?" అంది గొంతు తగ్గించి.

"ఎవరు?"

"మనుషులు. బన్ను."

చిన్నకోడలికి అర్థం కాలేదు. "రోజూ ఇంతే కదక్కా. మన దగ్గర ఇంకా ఎక్కువ. పొద్దున్నే పంతులమ్మగారు వస్తుందా, మొదటి ముక్క కొరికి, కళ్ళు మూసుకుని, గోడకి ఆనుకుని నిలబడిపోతుంది. బడి గంట కొట్టినా కదలదు."

"ఏ గోడకి?"

"ఆ గోడకే. నీ కిటికీ పక్కన."

గోడకు ఆ పక్కన, సరిగ్గా అక్కడే, పెద్దకోడలు ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటుంది. బన్నులు బాగున్నాయో లేదో, ఖాళీ ట్రే వెనక్కి వచ్చినప్పుడు లెక్కగట్టుకుంటుంది. కొన్నవాళ్ళ మొహం ఒక్కటి కూడా ఆమె చూసి ఎరగదు.

"నాకెప్పుడూ చెప్పలేదేమే?" అంది.

"నీకు తెలుసనుకున్నా అక్కా." చిన్నకోడలి గొంతు చిన్నదైపోయింది. "నిజంగా, తెలుసనే అనుకున్నా."

"సరేలే, ఆ ట్రే మాడుతోంది, తియ్యి."

అప్పుడే వెనక తలుపు తోసుకుని ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. చేతుల్లో సంచులు, కర్రలు, మొహాల నిండా చెమట. "దారిలో బండి ఆగిపోయిందమ్మా" అని మొదలుపెట్టి, అప్పటికే కాలిన బన్నులు చూసి నోళ్ళు తెరిచారు. ఇంటావిడ వాళ్ళను చూసి, వీళ్ళను చూసి, "మరి మీరెవరు?" అంది.

చిన్నకోడలు పిండి చేత్తోనే టికెట్లు తీసి బల్ల మీద పెట్టింది.

నవ్వులతో వంటిల్లు అదిరింది. కొత్తగా వచ్చినవాళ్ళు కూడా సంచులు దించి, చెరొక బన్ను తీసుకుని పీటల మీద కూలబడ్డారు. ఇంటావిడ సిగ్గుతో తల పట్టుకోబోయి, చేతుల పిండి గుర్తొచ్చి ఆగింది. ఇద్దరినీ వెంటబెట్టుకుని ఇల్లంతా తానే తిప్పి చూపించింది. ఎండ వచ్చే వేళకు ఎక్కడ కూర్చోవాలో అక్కడ ఒక అరుగు, చదువుకునే మూల, మెట్ల కింద పుస్తకాల గూడు. చివర ఇల్లు గీసినాయన ఎదురొచ్చి, "ఎలా ఉందండీ మా ఇల్లు?" అన్నాడు.

"బాగుంది నాయనా. గోడలు పెట్టడం మాత్రం మరిచిపోయినట్టున్నావు" అంది పెద్దకోడలు. ఆయన పక్కున నవ్వాడు.

బస్‌స్టాండులో చిన్నకోడలు మేస్త్రీకి ఫోన్ కలిపి, మాట్లాడకుండా అక్క చేతికిచ్చి, అటు తిరిగి నిలబడింది. ఇక తాను ఒక్క మాట కూడా అననని బన్నుల దగ్గరే ఒట్టు పెట్టుకుంది.

"ఏమ్మా, ఉంచాలా, కొట్టాలా?" అన్నాడు మేస్త్రీ.

"కొట్టెయ్యి. కానీ నా పిండిబల్ల బట్టీ వైపు కాదు, జనం వైపు తిరిగి ఉండాలి."

"అప్పుడు వచ్చినవాళ్ళంతా నిన్నే చూస్తారు. అదే కదమ్మా వద్దన్నావు?"

"వాళ్ళు చూసేది వాళ్ళు చూస్తారు, నేను చూసేది నేను చూస్తాను. నీకెందుకు, పొద్దున్నే రా."

చిన్నకోడలు అక్కను కావలించుకోబోయింది. "ఛీ, బస్సొచ్చింది, ఎక్కు" అని పెద్దకోడలు విదిలించుకుంది. కానీ కిటికీ సీటు చిన్నామెకే ఇచ్చింది.

బయలుదేరేటప్పుడు ఇంటావిడ మిగిలిన బన్నులన్నీ సంచిలో పోసి ఇచ్చింది. బస్సు కదిలాక పెద్దకోడలు సంచి విప్పి, ముందు సీటువాళ్ళకూ, పక్క సీటువాళ్ళకూ, వెనక సీటులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలాయనకూ తలా ఒకటి పంచింది. పంచి, సీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చుంది, చిన్నపిల్లలా.

"నువ్వు తినవా అక్కా? పొద్దుటి నుంచీ సరిగ్గా ఏమీ తినలేదు" అంది చిన్నకోడలు.

"ఆగవే. వెనక సీటాయన ఇంకా కొరకలేదు."