వర్గిత్ పూసిన వైపు

టర్కీలోని కచ్కార్ కొండల మీది పచ్చికబయల్లో హాతున్ అవ్వకి పాలు పితకడం అయ్యాక మొదటి పని పువ్వులకి నీళ్ళు పెట్టడం. తన టీ ఆ తర్వాతే. ఊట పక్కన, దొలిచిన దుంగలో నల్లమట్టి పోసి పెంచుతుంది వాటిని. కుంకుమపువ్వు జాతే గానీ పలావులోకి పనికిరాదు. చిటికెన వేలంత ఎత్తున పచ్చగా, బంగారంలా పూస్తుంది. మామూలు కుంకుమపువ్వు గడ్డల్ని వేసవిలో ఎండనివ్వాలి. దీన్ని ఒక్కపూట ఎండనిస్తే చాలు, అలిగి చచ్చిపోతుంది.

"నాకంటే దానికే సేవలెక్కువ, అత్తా," అంది కోడలు జుల్బియే చెంబు అందిస్తూ.

"నువ్వు ఎండినా బతుకుతావు పిల్లా, అది బతకదు."

అనేశాక అవ్వ నాలిక కరుచుకుంది. పెద్దకొడుకు పోయిన దగ్గర్నుంచీ ఈ పిల్ల ఎండుతూనే ఉందని ఆవిడకి తెలీదా ఏమిటి!

దుంగలో పుట్టిన పిల్లగడ్డల్ని అవ్వ ఏటా బయలంతా నాటుతుంది. వేసవి ముగిసే వేళకి, పోవలసిన మనిషి అడుగులు పడిన చోటల్లా తెల్లారేసరికి పువ్వు లేస్తుంది. దాన్ని వర్గిత్ అంటారు, 'ఇక బయల్దేరు' అని. ఎవరికి పూస్తే వాళ్ళు ఆవుల్ని తోలుకుని, జున్ను పీపాలు సర్దుకుని కింద టీతోటల ఊళ్ళకి దిగిపోతారు. పూయనివాళ్ళు ఆగుతారు. వానొస్తే గొడుగు తీసినట్టే, ఇందులో ఎవరికీ వింతేమీ లేదు.

ఆ ఏడు బయల్లో అందరికీ పూసింది. అవ్వకీ పూసింది. జుల్బియేకి మాత్రం పూయలేదు.

అవ్వ చిన్నకొడుకు ఇద్రిస్ జీపు వేసుకుని వచ్చాడు. టీ ఫ్యాక్టరీ కాపలాదారుతో వదినకి పెళ్ళి ఖాయం చేసి మరీ వచ్చాడు.

"రాతి ఇల్లు వదినా! మనిషి నెమ్మదస్తుడు. వంట బాగా వస్తే చాలన్నాడు."

"అయితే హోటల్ చూసుకోమను," అంది జుల్బియే.

ఆమె మనసు యాకుప్ మీద ఉంది. కొండ అవతలి ఇస్పిర్ వైపు నుంచి కంచరగాడిద మీద చిక్కుళ్ళు, ఎండు మల్బరీలు వేసుకుని, కనుమ దాటి వచ్చి వెన్నకి మార్చుకుపోయే మనిషి. ఈసారి చెవులదాకా ఎర్రబడి, తనతో వచ్చేయమని అడిగేశాడు. "మావాళ్ళెవరూ అటు వెళ్ళరు," అందామె. నిజంగానే ఎవరూ వెళ్ళలేదు. ఆ మాట అనేసిన దగ్గర్నుంచీ ఆమెకి రొట్టె ముద్ద దిగడం లేదు పాపం.

వదినకి పువ్వు రాలేదని ఇద్రిస్ ఊరుకోలేదు. బయల్లో పువ్వుల్ని గడ్డలతో సహా తవ్వి, జీపు బానెట్ మీద పరిచి, తాపీగా టీ తాగొచ్చి, గుమ్మం నుంచి జీపు దాకా వరసగా నాటాడు. కాసేపట్లోనే అన్నీ తలలు వేలాడేశాయి.

"ఏరా, ఉల్లిగడ్డలనుకున్నావా ఎండబెట్టడానికి?" అంది అవ్వ. పక్కింటివాళ్ళు పడీపడీ నవ్వారు.

ఇద్రిస్‌కి రోషం వచ్చింది. "రేపు పూసినా పూయకపోయినా వదిన జీపెక్కాల్సిందే! మాటిచ్చాను నేను."

పొద్దున్నే పాలచెంబుతో కొట్టం వెనక్కి వెళ్ళిన జుల్బియే అక్కడే నిలబడిపోయింది. ఎంతకీ రాకపోయేసరికి అందరూ వచ్చి చూశారు. కొట్టం వెనక నుంచి, ఊట దాటి, వాలు మీదుగా పెద్ద బండరాయి దాకా అడుగడుగునా వర్గిత్. మొన్న యాకుప్‌ని సాగనంపుతూ ఆమె నడిచినంత మేరా పూసింది. ఆ రోజు ఆమె ఆ బండ దగ్గరే ఆగిపోయింది. పువ్వులు ఆగలేదు. ఆమె అడుగు ఎన్నడూ పడని చోట, కనుమ దాకా పూసుకుంటూ పోయాయి.

"అంత దూరం ఎప్పుడు నడిచావు వదినా?" అన్నాడు ఇద్రిస్ నోరు తెరిచి. జుల్బియే మొహం కందిపోయింది. "అయినా ఈ పువ్వుకి మతిపోయింది. దిగే దారి ఇటు కదా!" అన్నాడు మళ్ళీ అతనే.

"బయల్దేరమనడమే దాని పని," అంది అవ్వ. "దిగమని అదెప్పుడు చెప్పిందిరా? మనమే దిగుతూ వచ్చాం."

ఇద్రిస్ చుట్టూ చూశాడు. వర్గిత్‌కి ఎదురు చెప్పినవాడు ఆ బయల్లో ఇంతవరకూ లేడు. టోపీ తీసి బుర్ర గోక్కుని, మూట కట్టడానికి తాడు తెచ్చిచ్చాడు.

"అత్తా, మరి నువ్వో?" అంది జుల్బియే.

"నా పువ్వు కిందికే పూసింది. నువ్వు కదులు, మంచు పడేలా ఉంది." అవ్వ ఏడుస్తూనే కసిరింది. ఆ పిల్ల లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు.

జుల్బియే పువ్వుల మీద కాలు పడకుండా పక్కగా ఎక్కుతూ పోయింది. ఆమె దాటిన పువ్వు దాటినట్టే ముడుచుకుని మట్టిలోకి దిగిపోయింది. బండ దగ్గర ఒక్కక్షణం ఆగి వెనక్కి చూసింది. ఇంటికి తిరిగి వెళ్ళడానికి ఒక్క పువ్వూ మిగల్లేదు. ఆమె వెతకనూ లేదు.