ఎడమ అంచు నాడె

తండ్రి కుపదేశ మిచ్చిన తణికవేల్పు!
వల్లి దేవసేనలతోడ వరలువాడ!
పడుగు పేకల నడుమ నీ పదము నిలిపి
కథను నడిపింపు తెగకుండ కరుణతోడ.

కన్నతండ్రిని శిష్యునిగా కూర్చుండబెట్టి ప్రణవానికి అర్థం చెప్పిన స్వామి కొండనీడలో జరిగిన కథ ఇది. స్వామి కోపం తణిగిన చోటు గనుక ఆ కొండ తణిక అయిందని పెద్దలంటారు. మరి ఆ నీడన కాపురముండే వారి కోపతాపాలు చల్లారడానికి వేరే చోటెక్కడ? చెవియొగ్గి వినండి.

తిరుత్తణి చేరువలోని ఒక నేతవీధిలో వరదయ్య మగ్గముంది. ఏటా ఆడికృత్తిక పండుగకు ఆ వీధి తరఫున స్వామికి ఒక పట్టువస్త్రం కొండెక్కుతుంది. దానిని నేసేది వరదయ్య ఇల్లే. అతని తాతనాటి నుంచీ అదే వాడుక.

ఆ నేత సామాన్యమైనది కాదు. నడుమ చిలుకపచ్చ, ఇరువైపులా కుంకుమ ఎరుపు అంచులు. ఎరుపు పచ్చలోకి చొరరాదు, పచ్చ ఎరుపులోకి పొరలరాదు. కలిసే గీత దగ్గర రెండు దారాలూ ఒకదానినొకటి పెనవేసుకొని, దేని దారిన అది వెనుదిరగాలి. దీనినే అక్కడ కోర్వై అంటారు. దీనికి అడ్డంగా పేకదారాన్ని మోసే నాడెలు మూడు కావాలి, ఇద్దరు మనుషులు కావాలి. నడుమ నాడె, కుడి అంచు నాడె నేసేవాని చేతిలో ఆడుతాయి. ఎడమ అంచు నాడెను పక్కన కూర్చున్నవారు ఆడించాలి. వరదయ్యకు ఆ పక్క కూర్చున్నది పెళ్ళయిన నాటి నుంచీ భార్య గోవిందమ్మే. అంతకు ముందు, పలక పట్టవలసిన ఈడులోనే, ఆమె తన తండ్రి మగ్గం పక్కన కూర్చున్నది.

ఈ వస్త్రానికి మరొక కట్టడి ఉంది. మగ్గం కింది తొక్కుడుపలక మీద కాలు మోపినది మొదలు ఎత్తేదాకా ఆ గదిలో మాట పుట్టరాదు. స్వామి ఒంటి మీదికి వెళ్ళే గుడ్డలో ఎంగిలిమాట పడరాదని పూర్వుల నియమం. నోరు జారినవారి చెయ్యి ఆ పూటకు మగ్గాన్ని తాకరాదు. అందుచేత ఆలుమగలిద్దరూ ఇన్నేళ్ళుగా మౌనంగానే ఆ వస్త్రాన్ని నేశారు.

ఈ ఏడు వస్త్రం సగమైన వేళ, అమావాస్య దర్శనానికని తిరువళ్ళూరు వెళ్ళిన గోవిందమ్మ రైల్వే వంతెన మెట్ల మీద జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. ఎడమ అంచు నాడె ఒంటిచేత్తో ఆడేది కాదు. అక్కడి ఆసుపత్రిలోనే కట్టు కట్టించి ఇంటికి తెచ్చారు. మరునాడే ఆమె అన్న పచ్చయ్యప్ప వచ్చాడు. అతడు వీధికి పెద్ద. వస్త్రాన్ని తలమీద పెట్టుకొని కొండెక్కే మర్యాద అతనిది.

"బావా, కృత్తిక ముంచుకొచ్చేసింది. సగం నేసిన సామి గుడ్డను కోసి పక్కన పెట్టేదానికి లేదు. వీధిలో ఖాళీ చెయ్యి యాడుంది చెప్పు? కోర్వై తెలిసినోళ్ళెల్లాం పవర్‌లూమ్‌కు పోయినారు. నీ మనవరాల్ని కూర్చోబెట్టు. నా చెల్లెలు దానికన్నా చిన్నప్పుడే కూర్చొనింది."

"కూర్చొన్నాను గదన్నా," అన్నది గోవిందమ్మ మంచం మీది నుంచే. "అందుకే ఈ పొద్దుకీ బస్సు మింద ఏం రాసుండాదో తెలీక, యాడికి పోతాదయ్యా ఇది అని పక్కోళ్ళ మొగాలు జూస్తా ఉండాను."

"బోర్డులు చదివేదానికా సామి మనకు చేతులిచ్చింది?"

"అట్లయితే నీ మనవరాల్ని కూర్చోబెట్టు. దానికీ రెండు చేతులుండాయి."

పచ్చయ్యప్ప గొంతు సవరించుకొన్నాడు. "అది ఇంగ్లీషు ఇస్కూలు పాపా. లీవియ్యరు."

వరదయ్య కొడుకు రఘు ఆవడిలో ఫ్యాక్టరీ పనికి వెళతాడు. అతని కూతురు యశస్విని అదే గదిలో మూలన కూర్చొని ఈ మాటలన్నీ విన్నది. "నేను కూర్చొంటా తాతా. నువ్వు టెన్షన్ పడొద్దు. ఇస్కూలు యాడికీ పోదు," అన్నది.

ఆ పిల్ల మాటలోని మెత్తదనమే వరదయ్యను గుచ్చింది. గోవిందమ్మ మొగం గోడవైపు తిప్పుకొన్నది. ఒకసారి ఎడమపక్క కూర్చున్న పిల్ల మళ్ళీ లేవదని ఆ వీధిలో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. మొదట కృత్తికకని, తరువాత ఒక పెళ్ళిచీరకని, ఆ తరువాత అలవాటని.

"రొంత టైమియ్యి బావా," అన్నాడు వరదయ్య. "ఆ నాడె మనిషి లేకుండా నడిచేదానికి నేనే ఏదో ఒకటి చేస్తాను."

"చెయ్యి. శుక్రవారం దీపం పెట్టే వేళకు వస్తాను. అతుకు కుదిరితే సరి. కుదరలేదంటే తెల్లారి ఈ పిల్ల ఎడమపక్క కూర్చొంటుంది. ఒప్పుకొంటే తాంబూలం పట్టు."

వరదయ్య పట్టాడు. ఆ వీధిలో చేత పుచ్చుకొన్న తాంబూలాన్ని తిరిగి ఇచ్చే ఆచారం లేదు.

ఆ రోజు నుంచి అతనికి అన్నం సయించలేదు. పాత సైకిలు బ్రేకు తీగను పీకాడు. పనికిరాని కుట్టుమిషను నుంచి స్ప్రింగు తీశాడు. ఎడమ అంచు వెంబడి వెదురుబద్దను చీల్చి, నాడె జారడానికి సన్నని కాలువ చెక్కాడు. తీగ ఒక కొనను నాడెకు, మరొక కొనను తొక్కుడుపలకకు కట్టాడు. కాలు నొక్కితే నాడె అంచులో దూరి గీత దాకా రావాలి. కాలు ఎత్తితే స్ప్రింగు దానిని వెనక్కు లాగాలి. శుక్రవారం మధ్యాహ్నానికి అది నడిచింది. నూనె వేసిన నాడె చప్పుడు లేకుండా పోయి వస్తుంటే అతని గుండె పొంగింది. ఇన్నాళ్ళూ ఇద్దరు చేసిన పని ఒక కాలితో అయిపోయిందనుకొన్నాడు.

ఆ పొంగు ఎంతోసేపు నిలవలేదు. నేసిన మేరను ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తే, ఎరుపు పచ్చను కలిసే గీత పొడవునా సన్నని కన్నాలు వరుస తీరి ఉన్నాయి. అవి కళ్ళు తెరిచి తన్నే చూస్తున్నట్టు తోచింది. వెలుగు దూరే అతుకు కోర్వై కాదు, స్వామికి పనికిరాదు.

విప్పాడు. పోగు తరువాత పోగు, ఊపిరి బిగబట్టి, పేకనంతా వెనక్కు తీశాడు. స్ప్రింగు బిగించి మళ్ళీ నేశాడు. మళ్ళీ కన్నాలే. తీగను పొట్టి చేశాడు. కన్నాలు మరింత పెద్దవయ్యాయి. మళ్ళీ విప్పాడు. ఇప్పుడు పట్టుదారం మీద నూగు లేచింది. వేళ్ళ మధ్య దానిని నలిపి చూసి అతడు కళ్ళు మూసుకొన్నాడు. ఇంకొక్కసారి విప్పితే ఆ దారం నిలవదు. ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

పొద్దు వాలుతున్నది. కట్టుచేతిని మెడకు వేలాడేసుకొని గోవిందమ్మ వచ్చి, ఎడమపక్కన తన పాత పీట మీదనే కూర్చున్నది. గడప దగ్గర యశస్విని రేపటి పాఠాన్ని తెరిచి పెట్టుకొన్నది గాని పుట తిప్పడం లేదు. వరదయ్య కొండవైపు తిరిగి చేతులు జోడించి, మగ్గం గుంటలోకి దిగి తొక్కుడుపలక మీద కాలు మోపాడు. గదిలో మౌనం దిగింది.

నడుమ నాడె విసిరాడు. కాలు నొక్కాడు. ఎడమ నాడె వచ్చింది. దువ్వెనలాంటి అచ్చును లాగి పేకను బిగగొట్టాడు. అతని చూపు కుడి అంచు మీద ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఉన్నట్టే. గోవిందమ్మ చూపు ఎడమ గీతను వదలలేదు. ఆమె పెదవులు కదిలాయి, మూసుకొన్నాయి. మళ్ళీ నడుమ నాడె వెళ్ళింది. వాకిట్లో చెప్పులు విడిచిన సద్దు. వెలిగించిన దీపం చేత పట్టుకొని పచ్చయ్యప్ప గడపలో నిలిచాడు. లోపల మౌనాన్ని చూసి అతడూ నోరు మెదపలేదు. వరదయ్య కాలు మరొకసారి నొక్కబోయింది.

"మామా, కాలెత్తు," అన్నది గోవిందమ్మ.

వరదయ్య కాలు చటుక్కున పలకను వదిలి లేచింది. అతడు తల తిప్పి ఆమెను చూసిన చూపులో మంట ఉంది. "ఎంత పని చేసినావే. ఈ ఒక్క పూట నోరు పట్టుకోలేకపోయినావా?"

"కట్టడి తప్పిపోయింది," అన్నాడు పచ్చయ్యప్ప దీపం దించుతూ. "ఇంకేముంది బావా. ఇంతటితో ఈ పూట పని సరి."

"ఎట్లా సరి అన్నా? కట్టడి ఏంది, నోరు జారినోళ్ళ చెయ్యి మగ్గాన్ని తాకరాదనేగదా?" గోవిందమ్మ కట్టుచేతిని కొంచెం పైకెత్తింది. "తాకను. సామి ఈ పూటకని ముందే కట్టేసి పెట్టినాడు."

పచ్చయ్యప్ప దించిన దీపం వత్తిని ఎగదోశాడు. గడప దగ్గర యశస్విని నవ్వు ఆపుకోవడానికి పుస్తకాన్ని మొగానికి అడ్డం పెట్టుకొన్నది.

"సరే, చెప్పు. ఏం జూసినావు?" అన్నాడు వరదయ్య. కోపం ఇంకా గొంతులోనే ఉంది.

"నువ్వు కాలు నొక్కతానే నాడె వచ్చేస్తాండాది. నేను అట్లా ఎప్పుడూ ఇయ్యలేదు మామా."

"కాలు నొక్కతానే గదా నువ్వు నాడె వేసేది? నాకు తెలీదా?"

"నీకు తెలీదు. నువ్వు కుడిపక్క జూస్తా ఉంటావు." కట్టులోంచి వెలుపలికి కనిపిస్తున్న చిటికెనవేలిని ఆమె చూపింది. వేలి మొదటి కణుపు కింద దారం కోసిన గాడి ఉంది. ఏళ్ళ తరబడి ఒకే చోట ఒరుసుకొని కాయ కాచిన గాడి. "నీ పచ్చదారం వచ్చి మళ్ళేటప్పుడు, ముందు ఈ వేలితో దాన్ని పట్టి రొంత లాగతాను. బిగిసినాకనే నా ఎర్రదారం దాని మింద తిప్పతాను. అది వదులుగా ఉన్నప్పుడు నాడె వచ్చేస్తే కన్నాలు గాక ఏమొస్తాయి?"

వరదయ్య ముందుకు వంగి ఆ వేలిని చూశాడు. ఎన్ని వస్త్రాలు కొండెక్కాయి, ఎందరు ఆ అతుకును తడిమి అతని చేతిని మెచ్చుకొన్నారు. ఆ అతుకు బిగువంతా ఈ వేలిదని ఆ మౌనంలో అతనికి ఒక్కనాడూ వినపడలేదు.

"ఇన్నేండ్లూ చెప్పలేదేమే?"

"మాట్లాడకూడదంటిరి గదా. బయట అడిగినోళ్ళు ఎవురు?"

పచ్చయ్యప్ప అసహనంగా కదిలాడు. "ఆడది చెప్పినట్టు మగ్గం మార్చేది యాడన్నా ఉందా పాపా? పొద్దు కూడా పోయింది."

"కొండ మిందుండే సామి వాళ్ళ నాయనకు చెప్పినప్పుడు, ఆ నాయన ఏం చేసినాడన్నా? నోరు మూసుకొని చెవి పెట్టినాడు. మీరిద్దురూ రొంచేపు అట్లా చెయ్యండి."

ఆ మాటతో వరదయ్య గొంతులోని కోపం దిగిపోయింది. గుంటలోంచి పైకి లేచి ఎడమపక్కకు వచ్చి, ఆమె పీట ముందర నేల మీద కూర్చున్నాడు. "ఎంత లాగతావు? ఎప్పుడు వదలతావు? చెప్పు."

ఆమె చెప్పింది. అతడు విన్నాడు. విన్నకొద్దీ అతని కళ్ళు మగ్గం కిందికి, తీగ మీదికి, పలక మీదికి తిరిగాయి. తొక్కేది ఒక్క కాలే. ఆ కాలితోనే రెండు పనులు, ఒకదాని వెనుక ఒకటి జరగాలి. తీగ పక్కనే మరొక పొట్టి తాడు కట్టితే? పొట్టిది ముందు బిగుస్తుంది, పొడుగుది తరువాత. పొట్టి తాడు కొనకు ఒక కొక్కెం. కాలు ఇంకా దిగినప్పుడు కొక్కెం దారాన్ని తెంపకుండా, నడుమ ఒక రబ్బరు. అది సాగి ఊరుకొంటుంది.

"కొక్కెం కావాల. నున్నగా ఉండాల, పట్టుకు గీత పడకూడదు," అన్నాడు. గూట్లో వెదికాడు. మేకులు, తుప్పు పట్టిన చువ్వలు, ఒక గొడుగు కమ్మి. ఏదీ పనికిరాదు.

గోవిందమ్మ ఎడమచేత్తో తల వెనుక తడిమి, ముడిలోని పిన్నును లాగింది. జుట్టు భుజం మీద జారింది. ఏళ్ళుగా కొబ్బరినూనెలో నానిన పిన్ను అది, అద్దంలా నున్నగా ఉంది. "ఒంటి చేత్తో ముడి నిలవడంలేదు, నాకెందుకు ఇది? ఇందా."

యశస్విని తన జడకున్న రబ్బరుబ్యాండును అప్పటికే తీసి పట్టుకొని ఉంది.

వరదయ్య పిన్నును వంచి కొక్కెం చేశాడు. రబ్బరును తాడుకు ముడివేసి, ఆ ముడి మీద పాత నూలు చుట్టాడు. తాడు ఒకసారి పొట్టిదై విప్పవలసి వచ్చింది. పచ్చయ్యప్ప దీపాన్ని దగ్గరికి జరిపాడు. చివరకు వరదయ్య మళ్ళీ గుంటలోకి దిగాడు. కాలు మోపే ముందు నూగు లేచిన దారాన్ని ఒక్కసారి తడిమాడు. తెగితే ఇక అతుకు లేదు. తెల్లవారితే ఆ పీట మీద మనవరాలు.

కాలు మోపాడు. మౌనం.

పచ్చదారం వచ్చింది. అతడు ఈసారి కుడివైపు చూడలేదు. కాలు మెల్లగా నొక్కాడు. కొక్కెం ముందుకు వంగి దారాన్ని పట్టింది, దారం బిగిసింది, నూగు కంపించింది. రబ్బరు సాగింది. అప్పుడు నాడె వచ్చింది, ఎరుపు పచ్చను చుట్టుకొని వెనుదిరిగింది. అచ్చు పడింది. మళ్ళీ. మళ్ళీ. మధ్యలో ఒక పోగు టిక్కుమన్నది. గోవిందమ్మ కళ్ళు మూసుకొన్నది. తెగినది పట్టుదారం కాదు. రబ్బరు ముడి మీద చుట్టిన పాత నూలు పోగు.

నాలుగువేళ్ళ మేర నేశాక వరదయ్య కాలెత్తాడు. పచ్చయ్యప్ప దీపాన్ని వస్త్రం వెనుకకు పట్టి, ఇవతల నుంచి కళ్ళు చికిలించి చూశాడు. పచ్చ వెలిగింది, ఎరుపు వెలిగింది. నడుమ గీత మాత్రం వెలుగు చొరని నల్లని రేఖగా నిలిచింది. అతడు బొటనవేలి గోటితో వెనుకవైపు గీసి చూశాడు. గోరు ఎక్కడా తగులుకోలేదు.

"అతుకు కుదిరింది," అన్నాడు. ఆ మాట వెంటనే మరొక శంక పట్టుకొన్నది అతనికి. "అయితే ఇది ఇద్దురు మనుషుల చేతులు పడాల్సిన గుడ్డ గదా బావా. తాడూ తీగా నేసింది సామికి ఎక్కతాదా?"

"వేలు నాదేనన్నా," అన్నది గోవిందమ్మ విరబోసుకొన్న జుట్టుతోనే.

పచ్చయ్యప్ప కొక్కెం వైపు చూశాడు. దీపాన్ని మగ్గం ముందర పెట్టి, కొండ దిక్కుకు ఒక నమస్కారం చేసి, చెప్పులు తొడుక్కొని వెళ్ళిపోయాడు.

తెల్లవారి యశస్విని సంచి తగిలించుకొని బడికి బయలుదేరింది. వీధి మలుపు దాకా మగ్గం చప్పుడు ఆమెకు వినపడుతూనే ఉంది. అచ్చు పడే ముందు చిన్న విరామంతో. ఆ విరామం వచ్చినప్పుడల్లా, అవసరం లేకున్నా, వరదయ్య ఎడమవైపు చూస్తున్నాడు. పీట మీద గోవిందమ్మ కూర్చొని ఉంది. ఆమె ఒడిలో మనవరాలి పాత పలక ఉంది. దాని మీద ఎడమచేత్తో, వంకరగా, తిరుత్తణి బస్సు మీద ఉండే మొదటి అక్షరాన్ని ఆమె దిద్దుకొంటున్నది.

ఆడికృత్తిక నాడు వస్త్రం కొండెక్కింది.

ఈ కథ విన్నవారి ఇళ్ళలో పడుగు తెగకుండును గాక. పక్కన కూర్చున్న వారి చేయి కనబడే చూపు, వారి మాటకు ఒగ్గే చెవి మీకు కలుగును గాక. మీ పిల్లల చేతులలో పలకలు నిలుచును గాక. తణికాచల స్వామి మిమ్మల్నందరినీ చల్లగా చూచును గాక.