తులసి కుండీ కింద పుల్లీ

మా నాన్న తవిటయ్య ట్రాక్టరు కొన్నప్పుడు, పక్కన బెల్టు తగిలించే ఇనప పుల్లీ కూడా ఉండాల్సిందేనని పట్టుబట్టాడట. అనకాపల్లి చెరకు రైతుకి దుక్కి ఎంతో గానుగా అంతే. కరెంటు లేని రోజున ట్రాక్టరే గానుగ తిప్పాలి. అదీ ఆయన ఆలోచన.

మావారు శివరామకృష్ణది కోనసీమ, ఉద్యోగం స్టీల్ ప్లాంటులో. ఆయన దృష్టిలో ట్రాక్టరంటే బురదలో దిగి వరిమడి దమ్ము చేసేదే. నాన్న పోయాక, మా అన్నయ్య కొత్త బండి కొనుక్కున్నాక, ఆ పాతదాన్ని కూర్మన్నపాలెంలో మా పెరట్లోకి తెచ్చుకున్నారు. ప్రేమగా రంగులేసి, వాళ్ల ఊరినుంచి టైర్లకి బదులు ఇనప దమ్ము చక్రాలు తెప్పించి బిగించారు. చుట్టుపక్కల సెంటు మడి లేదు! పుల్లీని మాత్రం "ఈ కంతెందుకు?" అని ఊడదీశారు.

"మీ ఊరిది గొప్పా, మా ఊరిది చెత్తా?" అని విరుచుకుపడ్డాను. పాత సామాన్లవాడికి వేయనివ్వకుండా దానిమీద తులసి కుండీ పెట్టేశాను. ఇక ఎవరు కదుపుతారో చూద్దామనుకున్నాను.

మొన్న పుష్యమాసంలో ఒక ఉదయం అన్నయ్య పోలిరాజు ఫోన్ చేశాడు.

"సెల్లీ, గానుగ మోటారు కాలిపోనాది. బాగవడానికి రెండ్రోజులంతన్నాడు మెకానిక్కు. పక్కోళ్ల గానుగలు కాళీ నేవు, నా కొత్త ట్రాక్టరుకి పుల్లీ నేదు. కొట్టిన సెరుకంతా అలాగే పడుంది. రసం పులిస్తే బెల్లం కట్టదు. ఏటి సెయ్యాలో తెలీట్నేదు."

ఏడాది కష్టం. ఫోన్ పెట్టేసి మావారికి చెప్పాను.

మావారు డ్యూటీకి సెలవు పెట్టి పెరట్లోకి వెళ్లారు. "లతా, తులసమ్మని కాస్త జరుపుతావేంటి?" అని నెమ్మదిగా అడిగారు. ఇంకో రోజైతే నాలుగు అంటించేదాన్నే. దండం పెట్టుకుని కుండీ దించాను.

దమ్ము చక్రాలు తీసి టైర్లెక్కించి, పుల్లీ బిగించి, ఊరిదాకా బండి ఆయనే నడిపారు. అక్కడ అటకమీదున్న నాన్ననాటి బెల్టు దులిపి పుల్లీకీ గానుగకీ తగిలించారు. తిప్పగానే జారిపడింది. బండిని కాస్త వెనక్కి జరిపి బెల్టు బిగువు చేశారు. ఈసారి గానుగ కదిలింది. రసం ధారకట్టింది.

సాయంత్రానికి బెల్లం కట్టింది. మా వదిన చిట్టెమ్మ మొదటి ముద్ద తెచ్చి ట్రాక్టరు ముందు పెట్టింది. అన్నయ్య మావారి చేతులు పట్టుకున్నాడు.

"బావా, నీ మేలు మర్సిపోనేను."

"నాదేముంది బావగారూ! మామయ్యగారు ముందే చూసి పెట్టేరు. నాకే మా ఊరి బురద తప్ప ఇంకోటి కనపడలేదు."

నాన్నకీ, ఈ మనిషికీ ఒకేసారి దండం పెట్టాలనిపించింది. చెరో బెల్లం ముక్క ఆయనకీ అన్నయ్యకీ నోట్లో పెట్టి, కళ్లు తుడుచుకున్నాను.

పుల్లీ ఇప్పుడు బండికే ఉంది. మా తులసమ్మ చుట్టూ కంచెలా కోనసీమ దమ్ము చక్రం ఉంది. చూసినవాళ్లందరికీ మావారు "మా ఊరి ఇనుము, దిట్టంగా ఉంటుంది" అని చెప్పుకుంటున్నారు. నేను కాదనడం లేదు.