చిట్టి పాటల వంతు

ఆ లాండ్రీలో ఇస్త్రీ గది ఒక్కటే, స్పీకరూ ఒక్కటే. వినే చెవులు మాత్రం బోలెడు. ఒకరికి పాత పాటలు కావాలి, ఇంకొకరికి గోడలు దద్దరిల్లాలి. నచ్చనివాళ్ళు మధ్యలో వెళ్ళి కట్టేయడం, దానిమీద వారం రోజులు ఒకరి మొహం ఒకరు చూసుకోకపోవడం. విసుగెత్తి పెద్దక్క ఒకరోజు తీర్పు చెప్పేసింది. ఇకనుంచి రోజుకొకరి వంతు. పొద్దున్నుంచి భోజనాల దాకా వాళ్ళు పెట్టిందే వినాలి. నచ్చకపోతే చెవుల్లో దూది పెట్టుకోండి, స్పీకరు మీద మాత్రం చెయ్యి వేయొద్దు. అప్పట్నుంచి గొడవలు సద్దుమణిగాయి.

పెద్దక్క ఆ గదికి మేస్త్రీ. చిట్టికైతే సొంత అక్క. ఆమే చెల్లెల్ని తీసుకొచ్చి ఇస్త్రీ బల్ల ముందు నిలబెట్టింది. మంచి మనిషేనండీ, కాదనను. కానీ లోకంలో ఉన్న రోగాలన్నిటికీ ఆమె దగ్గర ఒకటే మందు: కడుపునిండా తిని పనిలో పడు.

చిట్టికి ఆ మందు పని చేయలేదు. కొన్నాళ్ళుగా ఆమెకి మంచం దిగడమే గగనమైపోయింది. తల దువ్వుకోబుద్ధి కాదు, తిండి సయించదు, పోనీ ఏడుపొస్తుందా అంటే అదీ రాదు. పనికి రాలేని రోజున అక్కకి ఫోన్ చేసి జ్వరమని చెప్పేది. సాయంత్రం అక్క క్యారేజీ పట్టుకుని వచ్చి, నుదుటిమీద చెయ్యి వేసి చూసి, "తగ్గిపోయిందిలే" అనేది. లేని జ్వరం తగ్గక ఏం చేస్తుంది?

డాక్టరు దగ్గరికి వెళ్దామని ఇంతకుముందు రెండుసార్లు అనుకుంది. పెద్దక్క సరేనంటేనే ఓనరు సెలవిస్తాడు. ఆమెకేం చెప్పాలో తోచక రెండుసార్లూ మానేసింది. ఇప్పుడు మళ్ళీ గురువారం మధ్యాహ్నం రమ్మన్నారు. ఇదీ మానేస్తే ఇక జన్మలో వెళ్ళనని చిట్టికి తెలుసు. వెళ్ళకపోతే తను ఏమైపోతుందోనన్నదే ఆమె భయం.

ఒక పాటల ఆల్బమ్ ఆమెకి దొరికింది అలాంటి రోజుల్లోనే. బస్సులో ఏదో పాట అయిపోతే, ఫోను దానంతటదే ఇంకోటి అందుకుంది. ఎవరో అమ్మాయి. గొంతు అంత గొప్పదేం కాదు, కాస్త బొంగురు కూడాను. పళ్ళు తోముకుని ఎన్నాళ్ళైందో గుర్తులేదని, స్నేహితులేమో తనకి పొగరెక్కిందనుకుంటున్నారని పాడుతోంది. పాటలో పళ్ళు తోముకోవడమేమిటండీ అంటారేమో. చిట్టి మాత్రం దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఆల్బమ్ మొత్తం అదే వరస. ధైర్యంగా ఉండు, నవ్వుతూ బతుకు అనే ఊకదంపుడు ఒక్క ముక్క లేదు. మాత్రలు వేసుకుంటే నోరెండిపోతోందట. మొదటిసారి డాక్టరు ముందు మాట పెగలక గోడ చూస్తూ కూర్చుందట. అయినా మళ్ళీ వెళ్ళిందట. ఎవరో తన గదిలోకి వచ్చి, లేవమనకుండా, పక్కన ఊరికే కూర్చున్నట్టు అనిపించింది చిట్టికి. ఆ రోజు తనివితీరా ఏడ్చింది. ఏడ్చాక ఆకలేస్తే అన్నం తిన్నది.

మంగళవారం చిట్టి వంతు. ఎప్పుడూ ఏవో సినిమా పాటలు పెట్టి చేతులు దులుపుకునేది. ఈసారి గుండె చిక్కబట్టుకుని ఆ ఆల్బమ్ పెట్టింది. తనకెలాగూ నోరు రావడం లేదు, కనీసం ఆ అమ్మాయి చేతైనా చెప్పించాలని.

మొదటి పాటకి ఎవరూ తలెత్తలేదు. తర్వాతి దానికి దుప్పట్లు మడతపెట్టే తాత, "ఎవరే ఈ పిల్ల, అప్పగింతలప్పుడు కూడా ఇంత ఏడవరు" అన్నాడు. అందరూ నవ్వారు. చిట్టికీ నవ్వొచ్చింది గానీ బిగబట్టుకుంది. వాళ్ళతో కలిసి నవ్వేస్తే మళ్ళీ దాక్కున్నట్టే అవుతుంది. ఆ తర్వాత పాటలో ఆ అమ్మాయి పాడటం మానేసి మామూలుగా మాట్లాడింది. నీకు ఫోన్ చేసి జ్వరమని చెప్పానమ్మా, అది జ్వరం కాదు, అసలు సంగతి చెబితే నువ్వు భయపడతావని జ్వరమన్నాను.

పెద్దక్క ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి చెల్లెలి వంక చూసింది. ఆమె మొహం కందిపోయింది. "పొద్దున్నే ఏంటీ ఏడుపుగొట్టు గోల" అంటూ స్పీకరు దగ్గరికి విసవిసా నడిచింది.

"చెయ్యి వేయకక్కా," అంది చిట్టి. "నా వంతు ఇంకా అవ్వలేదు."

ఆ గదిలో పెద్దక్కకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు. తాత ఒక్కడే దుప్పటి అంచులు కలుపుతూ, "రూలు నువ్వు పెట్టిందేగా తల్లీ," అన్నాడు. పెద్దక్క వెనక్కి వచ్చి తన బల్ల ముందు నిలబడింది. మిగతా పాటలన్నీ వింది. ఒకే దిండు గలీబుని తిప్పి తిప్పి రుద్దుతూనే ఉంది.

భోజనాలకి అందరూ బయటికి వెళ్ళాక, "ఎప్పట్నుంచే?" అని చెల్లెల్ని అడిగింది.

"చాన్నాళ్ళైంది. నాకు ఒక్కసారి కూడా జ్వరం రాలేదక్కా."

"నేను వచ్చి చూశాను కదే."

"చూశావు. ఒళ్ళు చల్లగా ఉంటే తగ్గిందనుకున్నావు. గురువారం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మనసు బాగోలేనివాళ్ళని చూసే డాక్టరు."

పెద్దక్కకి ఒళ్ళు మండింది. చెల్లెలి మీదా, తన మీదా అంటే ఆమెకే తెలియదు. "సరే వెళ్ళు. జ్వరమని ఓనరుకి నేను చెప్తాలే," అంది.

"వద్దు. మళ్ళీ వారం కూడా వెళ్ళాల్సొస్తే అప్పుడేం చెప్తావు? నేనే చెప్తాను."

చెప్పడమే కాదు, అప్పటికప్పుడు బయల్దేరింది. వెనకాలే పెద్దక్క. ఓనరు తన గదిలో భోంచేస్తున్నాడు. సెలవు మాట ఎత్తగానే, "మళ్ళీ జ్వరమా?" అన్నాడు తలెత్తకుండానే.

"కాదండీ. ఎప్పుడూ జ్వరం కాదు, అబద్ధం చెప్పాను. నా మనసు బాగోలేదు. మందులు వాడాల్సి రావచ్చు, చాలాసార్లు వెళ్ళాల్సి రావచ్చు. గురువారం మధ్యాహ్నాలు నాకు సెలవు కావాలి. ఆ పని మిగతా రోజుల్లో పూర్తి చేసిస్తాను."

ఓనరు చెంచా కింద పెట్టి పెద్దక్క వంక చూశాడు. "ఇదేంటమ్మా, పిల్ల శుభ్రంగానే ఉందిగా?"

"లేదండీ," అంది పెద్దక్క. "పక్కన నిలబడి కూడా నేనే చూసుకోలేదు. ఈ గురువారం నాక్కూడా సెలవివ్వండి."