గంగబాబు గారికో గ్లాసు

మా ప్రసాద్ కాళ్ళు వాచిన రోజునే గంగబాబు మీద నాకు పగ పుట్టింది.

ప్రసాద్‌కి పందొమ్మిదేళ్ళు. కొత్తపేటలో గంగబాబు నడిపే జిమ్ముకి వెళ్తాడు. కండలు తొందరగా వస్తాయని గంగబాబు వాడికి ఒక డబ్బా పొడి అంటగట్టాడు. డబ్బా మీద కంపెనీ పేరు లేదు, అందులో ఏముందో రాసి లేదు. రెండు నెలలకి పిల్లవాడి పాదాలు ఉబ్బాయి. మూత్రం టీ డికాక్షన్‌లా వచ్చింది. తల్లి అనుకోకూడనివన్నీ అనుకుంటూ అమలాపురం తీసుకెళ్ళాను.

డాక్టరు గారు రక్తపరీక్ష చూశారు. "ఇంకొన్నాళ్ళు తాగితే కిడ్నీలు మిగలవమ్మా. గుడ్లు, పెసలు, చేపలు తిని ఒళ్ళు వంచితే కండ అదే వస్తుంది. ఏ వయసులోనైనా అంతే" అన్నారు.

వాడు వింటేగా?

"మాస్టారు కూడా రోజూ అదే తాగుతారమ్మా. ఆయనకేమయ్యింది?"

"తాగుతుంటే నువ్వు చూసేవా?"

"చూడాలేంటి? ఆ చేతులు చూస్తే తెలవట్లా!"

ఆ మాట పట్టుకున్నాను. ఆదివారం గంగబాబునీ, జిమ్ము కుర్రాళ్ళనీ భోజనానికి పిలిచాను. ప్రసాద్ పొంగిపోయాడు.

వాళ్ళొచ్చేసరికి పెరట్లో మా నాన్న ముసలయ్య నేలలో పాతిన గునపం మీద కొబ్బరికాయలు వలుస్తున్నాడు. డెబ్బై ఏళ్ళొచ్చినా వలుపు పని మానలేదు. పక్కనే ఇంకో గునపం పాతించి ఉంచాను.

"ఈ వయసులో మీకెందుకండీ తాతగారూ?" అన్నాడు గంగబాబు, చొక్కా చేతులు పైకి మడుస్తూ.

"మీ చేతుల ముందు మా నాన్నవి పుల్లలండీ. సరదాగా ఓ వంద కాయలు పోటీగా వలవండి మాస్టారూ" అన్నాను. కుర్రాళ్ళు ఈల వేశారు. ఇక తప్పించుకోలేకపోయాడు.

ఇరవై కాయలకి చొక్కా తడిసింది. ముప్ఫైకి చేతులు వణికాయి. నాన్న అప్పటికే అరవై కాయలు దాటించాడు.

"నెమ్మదిగా అబ్బాయ్. కాయలెక్కడికీ పారిపోవులే."

"ఏం తింటారండీ తాతగారూ?" అడిగాడు ఒక కుర్రాడు.

"పొద్దున్నే రెండు గుడ్లు, నానేసిన పెసలు. మజ్జానం మీ అమ్మమ్మ వండితే చేప. వండకపోతే తిట్లు."

అందరూ నవ్వుతుండగా నేను లోపలికెళ్ళి, ప్రసాద్ మంచం కిందున్న పొడి డబ్బా తెచ్చి, అందరి ముందూ కలిపి గంగబాబుకి గ్లాసు అందించాను.

"అలిసిపోయేరు మాస్టారూ. మీరిచ్చిన బలమే, తాగండి."

"ఇప్పుడొద్దండి. ఎండన పడి..."

"మా వాడూ ఎండన పడే తాగేడండీ. వాంతయినా ఆపొద్దని మీరే చెప్పేరట కదా. ఒక్క గుక్కండీ."

"నాకు పడదండి అమ్మగారూ. నేనెప్పుడూ..."

అక్కడే ఆగిపోయాడు.

"ఎప్పుడూ తాగలేదా మాస్టారూ?" అన్నాడు ప్రసాద్. వాడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

గంగబాబు గ్లాసు అరుగు మీద పెట్టి, బండి తాళాలు వెతుక్కున్నాడు. విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్ళిపోయాడు. కుర్రాళ్ళు ఒక్కరూ వెంట వెళ్ళలేదు.

ప్రసాద్ డబ్బా పారబోయబోతే చెయ్యి పట్టుకున్నాను.

"ఉంచు. అది నాక్కావాలి."

వాడి పాదం మీద వేలితో నొక్కి చూశాను. గుంట పడింది. ఎంతసేపు చూసినా పూడలేదు. డబ్బానీ, డాక్టరు గారి రిపోర్టునీ కలిపి చీర ముక్కలో మూటగట్టాను. తెల్లారితే సోమవారం. పొద్దున్నే పోలీస్ స్టేషనుకి వెళ్ళాలి.