సగం మాత్ర

సగం మాత్రే సరిపోయేదట, అందరికీ ఇచ్చే మోతాదులో సగం, డాక్టరు ఇంకా చెబుతూనే ఉన్నాడు, మంగీలాల్ తల వంచుకుని తన అరచేతినే చూసుకుంటున్నాడు, పక్కన బావ కోటేష్, అటు తిరిగితే ఆయన మొహం కనబడుతుంది, తిరగలేడు, గుండెలో కవాటం మార్చాక నెత్తురు గడ్డకట్టకుండా మీ చెల్లెలికి ఇచ్చే మందు ఇది, ఆమె ఒంట్లో తొందరగా అరగదు, పుట్టుకతో వచ్చిన గుణం, హైదరాబాద్ పంపిన జన్యు పరీక్షలో తేలింది, అందుకే ఊరికే తాకినా ఒళ్లు కమిలింది అంటున్నాడు, కమిలింది, అవును, చెల్లి లాలి పుట్టింటి తండాకు వచ్చిన రోజు మోచేతుల పైన నేరేడు పండు రంగు మచ్చలు, ఏందే ఇవి అంటే ఏమో అన్నా, బిందె ఎత్తినా గిట్లనే అయితున్నయ్ అంది, బావ కొట్టిండా, లేదన్నా, నా మీద ఎన్నడూ చెయ్యెత్తలే, దెబ్బలు తిన్న ఆడది ఇంకేమంటుంది అనుకున్నాడు తను, ఇల్లందు బొగ్గుబావిలో డ్యూటీ దిగి బావ వస్తే తండా అంతా చూస్తుండగా చెంప మీద కొట్టాడు, బావ ఎదురు చెయ్యెత్తలేదు, కావాలంటే మళ్లా కొట్టు బావా, గాని లాలిని దవాఖానాకు తోల్కపోనియ్, చిగుళ్లకెళ్లి నెత్తురు కారుతున్నది అన్నాడు, కొట్టి మళ్లా దవాఖానానా, నడువ్ ఈడికెళ్లి, అని తరిమేశాడు తను, చెల్లి చేతులకు పసుపు పూశాడు, ఆ పూట మాత్ర కూడా తనే దగ్గరుండి మింగించాడు, నీళ్ల గ్లాసు తనే పట్టాడు, తెల్లారేసరికి ఆమె నెత్తురు కక్కుకుంది.

గండం గడిచింది, ఇక భయం లేదు, మీరూ ఒకసారి పరీక్ష చేయించుకోండి, ఒక తల్లి పిల్లలు కదా, మీకూ ఆ గుణం ఉండొచ్చు అంటున్నాడు డాక్టరు, తమ ఇంటి నెత్తురులో ఉన్నదాన్ని బావ చేతుల్లో వెతికాడు తను, బయటికి రాగానే బావా అన్నాడు, కోటేష్ గోడకేసి చూస్తూ, ముందుగాల లోపలికి పో, పొద్దటి సంది నిన్నే అడుగుతున్నది అన్నాడు, తిట్టినా బాగుండేది.

లోపల లాలి, సూది గుచ్చిన చెయ్యి దుప్పటి కింద దాచుకుంటోంది, ఆ మచ్చ కూడా తన కంట పడకూడదని, అన్నా, ఆయనను ఇంకేమనకు, నిజంగనే కొట్టలే, ఒట్టు, అంటోంది, డాక్టరు మాట ఆమెకింకా తెలియదు, తనను నమ్మించాలనే ఇంకా పాకులాడుతోంది, ఏ పరీక్షా చెప్పకముందే చెల్లి చెప్పింది, అడిగిన మొదటి రోజే చెప్పింది, తను అడిగాడే గానీ వినలేదు.